ముందే వినిపించిన మాట

పోయినవారం మన అయిదాటలమ్మని స్టేడియం గేటు దగ్గర మిట్టమధ్యాహ్నపుటెండలో నిలబెట్టి వచ్చేశాం. పెద్దావిడని వారం రోజులపాటు అలా ఎండకి వదిలేస్తారా, మీకు మనసెలా ఒప్పిందని ఒకరిద్దరు పాఠకులు నన్ను నిలదీశారు కూడా. కంగారు పడకండి. ఆవిడ లెక్కలో గట్టిగా కాసేపు కూడా కాలేదు. పైగా మైదానాల దగ్గర పడిగాపులు కాయడం ఆవిడకి చిన్నప్పటినుంచీ అలవాటే.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి కథలో పడతాను. ఆడపిల్లకి ఒక్క ఆటే ఎక్కువనుకునే రోజుల్లో ఈవిడ అయిదు ఆడింది. పరుగు, ఈటె, హాకీ, బాస్కెట్‌బాల్, ఈత. అసలు పేరు ఆఫీసులో హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు, అందరికీ అయిదాటలమ్మే. మోకాలు మొరాయించాక కలం పట్టింది. ఆటగాళ్ళకి భయపడకుండా, అధికారులకి జంకకుండా రాసింది. ఆవిడ రాసిందంటే జరిగినట్టే అని జనం అనుకునేదాకా వచ్చింది.

ఆ పేరుకి పునాది ఆవిడ రాసిన మొట్టమొదటి వ్యాసం. అందులో సంగతి ఒక రిలే పరుగు. పతకం ఖాయమనుకున్న ఫైనల్లో, ఆఖరి మలుపు దగ్గర కర్ర కింద పడిపోయింది. మూడో పరుగు తీసిన ప్రాణస్నేహితురాలు పిచ్చుక, సమయం రాకముందే కేక వేసి తనని తప్పుదోవ పట్టించిందని అయిదాటలమ్మ ఉన్నదున్నట్టు రాసేసింది. స్నేహితురాలని కూడా చూడలేదు, ఎంత నిజాయితీ అని ఊరంతా మెచ్చుకుంది. పిచ్చుక మాత్రం "నేననలేదు" అని ఒక్క మాట అని, జట్టులోంచి తీసేయడంతో ఆటలే మానేసి, నర్సు చదువుకి వెళ్ళిపోయింది. తర్వాత దాదాపు నలభై ఏళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

రేపు పేపర్లో అయిదాటలమ్మ ఆఖరి కాలమ్ వస్తుంది. అందులో పిచ్చుకని క్షమించేస్తోంది. అవును, క్షమించేస్తోంది. పెద్ద మనసు చేసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ రాసింది. కంపోజింగ్ కూడా అయిపోయింది. ఇద్దరూ పాత ట్రాకు మీద నిలబడి కర్ర అందుకుంటున్న ఫొటో ఒక్కటే తక్కువ. సాయంత్రానికల్లా పేజీ కట్టేస్తారు. అదిగో, ఆ ఫొటో కోసమే ఈ ఎండ.

పిచ్చుక బస్సు దిగి రోడ్డు దాటి వచ్చింది. తెల్లజుట్టు, నూలుచీర, కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఆసుపత్రి వరండాలో నడిచి నడిచి అలవాటైన చప్పుడు లేని నడక.

"బాగున్నారా?" అంది అయిదాటలమ్మ.

"బాగున్నానండీ. మీరు?"

ఒకే దుప్పటి కింద పడుకుని, ఒకే జత బూట్లు వంతులేసుకుని వాడుకున్న మనుషులు. వాళ్ళ నోట్లోంచి ఈ మీరులూ, అండీలూ.  దానికి తోడు పిచ్చుక నవ్విన నవ్వు మర్యాదగా, నర్సు రోగితో నవ్వినట్టు ఉంది.

ఆ ఇబ్బందిని మైకక్క వచ్చి తుడిచిపెట్టేసింది. అయిదాటలమ్మకి తోడబుట్టిన అక్క. తల్లి పోయాక చెల్లెల్ని సాకింది ఆవిడే. ఇదే స్టేడియంలో మైకు ముందు కూర్చుని పోటీల వివరాలు చదివే ఉద్యోగం చేసింది. ఆ ఉద్యోగంలో ఆడగొంతు వినపడడం జనానికి అదే మొదలు. డెబ్బై దాటినా గొంతు మాత్రం ఇప్పటికీ గంటకొట్టినట్టే ఉంటుంది.

"ఏమే పిచ్చుకా, పేరేమో పిచ్చుక, మనిషేమో ఇంతయ్యావు. ఎగరడం మానేశావా ఏంటి?" అంటూ అమాంతం కావిలించుకుంది.

"నువ్వు మాత్రం ఏం తగ్గావక్కా," అంది పిచ్చుక. ఆవిడ కళ్ళలో మొదటిసారి తడి కనిపించింది. అది చూసి అయిదాటలమ్మకి కాస్త చిన్నతనంగా అనిపించింది. తనతో అండీలు, అక్కతో నువ్వులు.

ఫొటోగ్రాఫర్ బట్టతల మనిషి, నోరు ఊరుకోదు. ముగ్గుర్నీ లోపలికి తీసుకెళ్ళి, ఆఖరి మలుపు దగ్గర సున్నం గీతలు వెతికి పట్టుకున్నాడు. అయిదాటలమ్మని ముందు గీత దగ్గర నిలబెట్టాడు. పిచ్చుక చేతికి చుట్టచుట్టిన పేపరు ఇచ్చి బాగా వెనక నిలబెట్టాడు.

"నేను ఊఁ అన్నాక ఈవిడ నడుచుకుంటూ వస్తారు, మీరు చెయ్యి వెనక్కి చాపాలి. అంతవరకూ కదలకండి. నాకు మోకాళ్ళ డాక్టరు ఎవరూ తెలీదు," అన్నాడు.

తర్వాత అతనికింకో ఆలోచన వచ్చింది. అక్కగారు కూడా పైన అద్దాలగదిలో మైకు ముందు కూర్చుంటే వెనకాల కనిపిస్తారు, ఫొటో నిండుగా ఉంటుంది అన్నాడు. మైకక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. మెట్లెక్కి వెళ్ళింది. మైకు పనిచేస్తోందో లేదో చూడాలని టకటకా రెండుసార్లు తట్టింది. మలుపు దగ్గర స్తంభానికున్న స్పీకరు గుర్రుమంది. పాత రోజుల్లో సరిగ్గా అదే స్తంభానికి రేకు గరాటా లాంటి స్పీకరు వేలాడుతుండేది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. రిలేలో కర్ర అందుకునేవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. చూస్తే వేగం పోతుంది. వెనకవాళ్ళు దగ్గరికి రాగానే ఒక మాట అరుస్తారు. ఆ మాట చెవిన పడగానే ముందువాళ్ళు చెయ్యి వెనక్కి చాపాలి. పక్క జట్టు కేకకి మోసపోకుండా ఒక్కో జట్టుకీ ఒక్కో మాట. మిగతా జట్లు హా అనో, హప్ అనో అనుకునేవి. వీళ్ళ కోచ్ మాస్టారు మాత్రం, పరాయి కూత ఎందుకు, చేతిలోది అవతలివాళ్ళకి ఇచ్చేటప్పుడు మీ నోటికి ఏ మాట వస్తుందో అదే అనండి అన్నాడు. వీళ్ళ నోటికొచ్చింది "ఇదిగో". పలక ఇచ్చినా ఇదిగో, బొరుగులు పంచుకున్నా ఇదిగో. తెలుగు నోరు రోజుకి ఎన్నిసార్లంటుందో ఆ మాట. ఆ సంగతి మాస్టారికి తట్టలేదు, ఈ పిల్లలకీ తట్టలేదు.

పైనుంచి మైకక్క గొంతు వచ్చింది. హుషారుగా ఉంది. "ఫొటో బాబూ, ఊరికే కూర్చోమంటే నాకు చేతకాదు. ఆ రోజు ఎలా చెప్పానో అలాగే చెప్తాను, నువ్వు తీసుకో."

అయిదాటలమ్మ ఉలిక్కిపడింది. ఆ పరుగు ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తరు. చెల్లెలు బాధపడుతుందని అక్కే నిషేధం పెట్టింది. ఆ రోజు అక్క మైకులో ఏం చెప్పిందో ఇన్నేళ్ళలో తను అడగలేదు, అక్క చెప్పలేదు. ఇవాళ రాజీ కుదిరిపోతోంది కదా, ఇంకేం అనుకుని అక్క గేట్లెత్తేసింది.

"ప్రేక్షక మహాశయులారా, ఆడపిల్లల రిలే ఫైనలు. కర్ర రెండోసారి చేతులు మారింది. మలుపు తిరుగుతున్నారు. మన జట్టు ముందుంది. ఆఖరి పరుగుకి ఎవరు సిద్ధంగా ఉన్నారో చూడండి..."

అయిదాటలమ్మ నవ్వుకుంటూ ముందుకి చూస్తూ నిలబడింది. వీపు మీద ఎండ. చెమట.

"ఇదిగో, మా చెల్లెలు!"

చెయ్యి వెనక్కి పోయింది. ఆవిడ పంపలేదు, దానంతటదే పోయింది. మోకాలు మరిచిపోయి కాళ్ళు రెండంగలు ముందుకి దూకాయి. అరచేయి వెనక తెరుచుకుని ఖాళీగా గాల్లో ఊగింది. తూలి పడబోయి ఎలాగో నిలదొక్కుకుంది.

"అయ్యో, ఊఁ అనలేదమ్మా నేనింకా," అంటున్నాడు ఫొటోగ్రాఫర్.

ఆవిడకి ఆ మాటలు వినపడలేదు. ఖాళీ అరచేతిని ముఖం ముందుకి తెచ్చుకుని చూసుకుంది. ఇదే. ఆ రోజు కూడా సరిగ్గా ఇదే. మాట చెవినపడింది, చెయ్యి చాచింది, కర్ర లేదు. ఒక్క క్షణం తడబడింది. వెనక పూర్తి వేగంతో వస్తున్న పిచ్చుక వచ్చి గుద్దుకుంది. కర్ర కిందపడి దొర్లింది.

మెల్లగా వెనక్కి తిరిగింది. పిచ్చుక తన గీత దగ్గరే, చుట్టచుట్టిన పేపరు పట్టుకుని నిలబడి ఉంది. అడుగు కూడా వెయ్యలేదు.

"ఇప్పుడు నువ్వన్నావా?" అడిగింది అయిదాటలమ్మ. ఆ మీరు అనడం ఎప్పుడు ఎగిరిపోయిందో ఆవిడకే తెలియదు.

"నేననలేదు," అంది పిచ్చుక.

అదే మాట. అదే గొంతు. నలభై ఏళ్ళనాడు ఏడుస్తూ అన్న మాట ఇప్పుడు నెమ్మదిగా అంది, అంతే తేడా. అయిదాటలమ్మకి ఒళ్ళంతా చల్లబడిపోయింది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ మాడ్చేస్తూనే ఉంది. ఇన్ని వందల పరుగులు చూసి, ఎవరెక్కడ తప్పటడుగు వేశారో వేలెత్తి చూపించిన మనిషి. తను పరిగెత్తిన పరుగులో ఏం జరిగిందో తనకి తెలియదు. తెలియకపోగా తెలిసినట్టు రాసింది. రాసి ఊరంతా చదివించింది.

ఫొటోగ్రాఫర్ ఆవిడ వాలకం చూసి జడుసుకున్నాడు. మంచినీళ్ళు తెస్తానని గేటు వైపు పరిగెత్తాడు. పైన మైకు నోరు మూసుకుంది.

అయిదాటలమ్మ పిచ్చుక దగ్గరికి నడిచింది. ఆ కాస్త దూరం నడవడానికి ప్రాణం పోయింది. దగ్గరికి వెళ్ళి ముఖంలోకి చూసింది. అక్కడ తనంత ఆశ్చర్యం ఉంటుందనుకుంది. లేదు. పిచ్చుక ముఖం నిమ్మకు నీరెత్తినట్టుంది.

"నీకు తెలుసు," అంది అయిదాటలమ్మ.

పిచ్చుక చూపు స్తంభం మీది స్పీకరు వైపు వెళ్ళింది.

"చెప్పవే. నీకు ముందే తెలుసు కదూ?"

"ఆ రోజే తెలుసు. నేను ఆ గరాటాకి ఎదురుగానే కదా పరిగెత్తుకొస్తున్నాను. అక్క అనడం విన్నాను, నీ చెయ్యి లేవడం చూశాను. ఆపుదామన్నా కాళ్ళు ఆగవు. వచ్చి నీ మీద పడ్డాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్పేదాన్నే. బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చాం, నువ్వు నా జుట్టు పట్టుకుని అరుస్తున్నావు. ముందే ఎందుకరిచావని. నేననలేదు అన్నాను. ఎవరన్నారో చెప్పబోయేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. మైకు దగ్గర ఆవిడకి అదే మొదటి రోజు, గుర్తుందా? మైకులో మా చెల్లెలు అన్నందుకు స్టేడియం పెద్దాయన అప్పటికే చీవాట్లు పెట్టాడంట. ఇంకో తప్పు దొరికితే ఇంటికి పంపిస్తానన్నాడంట. ఆవిడ వణికిపోతోంది. మీ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆవిడ మైకు ఉండాలి కదే. నేనేమని చెప్పను?"

 ఆ రోజు గుమ్మంలో అక్క ఉన్నట్టు కూడా అయిదాటలమ్మకి గుర్తులేదు. పిచ్చుక జుట్టు తన గుప్పిట్లో ఉండడం ఒక్కటే గుర్తుంది. ఇన్నేళ్ళూ ఆ గుప్పిట న్యాయమైనదే అనుకుంటూ బతికింది.

"అప్పుడంటే సరే. తర్వాతైనా? నేను పేపర్లో రాశాక? నీ బతుకు నాశనం చేశాను కదే. జట్టులోంచి తీసేశారు. ఒక్కసారి వచ్చి నా చెంప పగలగొట్టి చెప్పొచ్చు కదా?"

పిచ్చుక చేతిలో పేపరు చుట్టని విప్పి, మళ్ళీ చుట్టింది. "ఎవరన్నారో చెప్పక్కర్లేదనుకున్నానే. నేననలేదు అంటే చాలనుకున్నాను. నువ్వు నమ్ముతావనుకున్నాను." చుట్టని చంకలో పెట్టుకుంది. "జట్టు పోయినందుకు ఏడవలేదు నేను. నువ్వు నమ్మనందుకు ఏడ్చాను. చాలా ఏళ్ళు ఏడ్చాను. తర్వాత రోగులు, డ్యూటీలు, పిల్లలు, తీరిక లేకపోయింది."

ఎవరన్నా తిడితే తట్టుకోవచ్చు. ఇలా మామూలుగా చెప్తే ఎక్కడ దాక్కోవాలి? అయిదాటలమ్మ చతికిలబడినట్టు ట్రాకు మీద కూర్చుండిపోయింది. ఎర్రమట్టి చీరకి అంటుకుంది. ఈ మనిషినా తను పిలిపించి, పక్కన నిలబెట్టి, క్షమించేస్తున్నానని లోకానికి చాటబోయింది? సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది కాలమ్. రేపు పొద్దున్న ఇంటింటి గుమ్మంలోనూ పడబోయే ఆ క్షమాభిక్ష. సంచీలోంచి ఫోను లాగింది. "ఆపించేస్తాను. మొత్తం తీసేయిస్తాను. కొత్తది రాస్తాను, ఇక్కడే కూర్చుని రాస్తాను."

పిచ్చుక పక్కన కూర్చుని ఆవిడ మణికట్టు పట్టుకుంది. సూది గుచ్చేముందు నర్సు పట్టుకునే పట్టు, కదలడానికి వీల్లేదు.

"ఏం రాస్తావు?"

"జరిగింది రాస్తాను."

"అక్క పేరు రాస్తావా?"

"రాయకుండా ఎలా చెప్పనే? మాట ఎవరిదో చెప్పకపోతే నువ్వు కాదంటే ఎవరు నమ్ముతారు?"

"అయితే విను. నువ్వు అది రాస్తే, నేను మీ పేపరాఫీసుకే వచ్చి, ముందే అరిచింది నేనే అని చెప్తాను. అయిదాటలమ్మ నా మీద జాలితో కథలల్లుతోంది అంటాను. నలభై ఏళ్ళుగా నువ్వే కదా ఆ మాట జనానికి నూరిపోశావు. ఎవర్ని నమ్ముతారో చూద్దాం."

"నీకేమన్నా పిచ్చా?"

"ఎవరికి పిచ్చో తర్వాత చూద్దాం. పైకి చూడు ఒకసారి. ఇందాక ఆ మెట్లెక్కుతుంటే చూశావా ఆవిడ్ని? పెళ్ళికూతుర్లా వెళ్ళింది. ఆ గొంతు తప్ప ఆవిడకి ఏం ఉందే? పిల్లలా, మొగుడా? తన గొంతే చెల్లెలి పతకం పడగొట్టిందని, దాంతోపాటు నన్నూ తీసి అవతల పారేసిందని ఈ వయసులో తెలియాలా? నేను ఇన్నాళ్ళూ మోశాను, ఇంకొన్నాళ్ళు మోస్తాను. నాకు బరువు అలవాటైపోయింది. నువ్వు క్షమించానని రాశావు కదా, అలాగే ఉండనీ."

"అబద్ధం కింద నా సంతకం పెట్టమంటావా?"

"ఇన్నాళ్ళూ పెట్టిందేంటి మరి?" అంది పిచ్చుక. అందులో కోపం లేదు. అందుకే అది నేరుగా వెళ్ళి తగిలింది.

చేతిలో ఫోను మోగింది. డెస్కు ఇన్‌ఛార్జి. "అమ్మా, మీ పేజీ ఒక్కటే మిగిలింది. ఫొటో సంగతి ఎలా ఉన్నా మేటరు పంపించేయమంటారా? మార్పులేమీ లేవు కదా?"

అయిదాటలమ్మ పిచ్చుక ముఖంలోకి చూసింది. రాస్తే అక్క కూలిపోతుంది, పిచ్చుక తనే దోషినంటుంది. రాయకపోతే పిచ్చుక పేరు మీద ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది, ఈసారి తెలిసి తెలిసి తనే పూసినట్టవుతుంది.

"ఆపండి," అంది ఫోనులో. "నేను చెప్పేదాకా ఆపండి."

"ఎంతసేపమ్మా? మిషను..."

పెట్టేసింది. తలెత్తేసరికి మైకక్క మెట్లు దిగి వస్తోంది. ఎక్కేటప్పటి హుషారు లేదు. ఒక్కో మెట్టూ కమ్మీ పట్టుకుని దిగింది. ట్రాకు అడ్డంగా దాటి వచ్చి, మట్టిలో కూర్చున్న చెల్లెల్నీ, దాని మణికట్టు పట్టుకుని ఉన్న పిచ్చుకనీ మార్చి మార్చి చూసింది.

"పైనుంచి అంతా కనిపిస్తుంది," అంది. "పిచ్చుక ఇంకా కదలనే లేదు. నేను అనగానే నువ్వు దూకావు."

పిచ్చుక మణికట్టు వదిలేసింది.

"ఆ రోజు నేను కాగితం చూసి చదువుతున్నాను. తలెత్తేసరికి కర్ర కిందపడి ఉంది. ఎలా పడిందో నేను చూడలేదు." మైకక్క గొంతు, ఆ గంటలాంటి గొంతు, మొదటిసారి కీచుగా వచ్చింది. "మీ జట్టు కేక ఏంటే? నేనెప్పుడూ అడగలేదు."

అయిదాటలమ్మ పెదవులు కదిలాయి. ఈలోపు పిచ్చుకే లేచి నిలబడింది.

"హా అనేవాళ్ళం అక్కా. అందరూ అన్నట్టే," అంది, రెప్ప వెయ్యకుండా. "ఆ రోజు నేనే తొందరపడి అరిచాను. ఎన్నేళ్ళయింది, ఇంకా ఎందుకు ఆ గొడవ."

మైకక్క ఆమె వైపు చూడనైనా చూడలేదు. వంగడం చేతకాని నడుముతో ఎలాగో వంగి, చెల్లెలి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"దాని మాట నాకొద్దు. నువ్వు చెప్పు," అంది. "ఊరందరూ నువ్వు చెప్తే నమ్మారు. నువ్వేం చెప్తే నేనూ అదే నమ్ముతాను."